టైంటేబుల్ వేసే ఉద్యోగంలో భవిష్యత్తు ఉంటుందా?

ప్రశ్న: మాది హిందూపురం. మా అమ్మాయి బి.కాం. పూర్తిచేసి బెంగళూరు మారతహళ్లిలో ఒక కోచింగ్ సెంటర్‌లో కోఆర్డినేటర్‌గా చేరింది. కొన్ని క్లాసులు సెంటర్‌లో, కొన్ని ఆన్‌లైన్‌లో జరుగుతాయి. ఆ టైంటేబుల్ తయారీ ఈమె పని. రోజూ ఎక్సెల్ ముందే కూర్చుని, ఫార్ములాలతో దాన్ని సులువు చేస్తానంటోంది. ఈ ఉద్యోగం మానిపించి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: ఇప్పుడే మానిపించకండి. కోర్సుల్లో అభ్యాసం కోసం ఇచ్చే లెక్కల కంటే మంచి సమస్య మీ అమ్మాయి చేతిలో ఉంది. దాన్ని తనంతట తాను ఫార్ములాల దాకా తీసుకెళ్లాలనుకోవడం నాకెంతో నచ్చింది.

గడులు నింపడం వేరు, పని తాలూకు నియమాలను గడుల్లో పెట్టడం వేరు. ఒక అధ్యాపకుడికి ఒకే సమయంలో రెండు క్లాసులు పడ్డాయేమో చూడాలనుకోండి. షరతులన్నీ కుదిరిన వరుసలెన్నో లెక్కపెట్టే కౌంట్‌ఇఫ్స్ ఫార్ములాకు నాలుగు షరతులు చాలు: అధ్యాపకుడు ఆయనే కావాలి, తేదీ అదే కావాలి, ఆ వరుసలోని క్లాసు ఈ క్లాసు ముగియకముందే మొదలవ్వాలి, ఇది మొదలయ్యాక ముగియాలి. ఫార్ములా ఈ క్లాసు వరుసను కూడా లెక్కపెడుతుంది కాబట్టి 1 వస్తే సరే. 2 వచ్చిందా, క్లాసులు ఢీకొన్నట్టే. షరతును బట్టి గడి రంగు మార్చే కండిషనల్ ఫార్మాటింగ్ పెడితే ఆ వరుస ఎర్రబడి కనిపిస్తుంది.

అసలు చిక్కు రెండు రకాల క్లాసులు కలిసినప్పుడు వస్తుంది. సెంటర్‌లో పదకొండింటికి క్లాసు ముగిసిన పిల్లలకు పదకొండున్నరకు ఆన్‌లైన్ క్లాసు పెడితే, అవుటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో వాళ్లు బస్సులో కూర్చుని పాఠం వినాలి. అందుకే క్లాసు రకం మారితే గంటన్నర, మారకపోతే పది నిమిషాలు విరామం ఉండాలని ఇఫ్ ఫార్ములాతో చెప్పాలి. ఎక్సెల్‌కు ఒక రోజంటే 1, గంటన్నర అంటే 0.0625. చాలామంది దెబ్బతినేది సమయం రాసే దగ్గరే. మన అలవాటు ప్రకారం 9.30 అని చుక్క పెట్టి కొడితే ఎక్సెల్ దాన్ని తొమ్మిది రోజుల పైచిలుకుగా తీసుకుంటుంది. 9:30 అని కోలన్‌తో కొట్టాలి. గడిలో ఏం కొట్టవచ్చో ముందే కట్టడి చేసే డేటా వాలిడేషన్ పెడితే అలాంటి తప్పు గడిలోకే రాదు.

క్లాసుకు ఒక వరుస చొప్పున అన్నీ ఒకే షీట్‌లో ఉంచమనండి. ఎవరి టైంటేబుల్ వారికి ఫిల్టర్ ఫార్ములా తీసి ఇస్తుంది. ఎక్సెల్ 2019లో అది లేదు. ఆఫీసులో పాత వెర్షన్ ఉంటే గూగుల్ షీట్స్ వాడవచ్చు.

సంస్థ సమాచారాన్ని నివేదికలుగా తయారుచేసే ఎంఐఎస్ ఎగ్జిక్యూటివ్, రోజువారీ పనుల తీరును విశ్లేషించే ఆపరేషన్స్ అనలిస్ట్ ఉద్యోగాలకు పనికొచ్చేది ఈ నేర్పే. సెంటర్‌వారి అనుమతితో, పేర్లూ ఫోన్ నంబర్లూ తీసేసిన నకలు ఒకటి ఇంటర్వ్యూల కోసం దాచుకోమనండి. తర్వాత ఎక్సెల్‌లోకి డేటాను తెచ్చి సర్దిపెట్టే పవర్ క్వెరీ, డేటాబేస్ నుంచి కావలసింది అడిగి తీసుకునే భాష ఎస్‌క్యూఎల్ నేర్చుకోవాలి. పైథాన్ వాటి తర్వాతే. అప్పటికి ఏం రాయాలో ఆమెకే తెలుస్తుంది.

ఆరు నెలలు గడిచినా సెంటర్‌వారు ఈ పని గుర్తించక, ఆమెను ఫోన్లకు జవాబు చెప్పడానికే కూర్చోబెడితే మాత్రం వేరే ఉద్యోగం చూసుకోమనండి.