కుళాయిలో నీళ్లే రాకపోతే?

ప్రశ్న: నేను నర్సింగ్ రెండో ఏడాది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ క్లాసంటే చాలు, చేతులు కడుక్కోండి అని గంటసేపు చెప్తారు. కుళాయిలో నీళ్లు కూడా రాని పేద దేశాల ఆసుపత్రుల్లో ఇదంతా అయ్యే పనేనా?
– ఓ పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అయ్యే పనేనమ్మా, కాకపోతే క్లాసులు పీకితే అవదు. సామాను లేకపోతే ఏమవుతుందో ముందు వినండి. 1976లో అప్పటి జైర్‌లో, అంటే ఇప్పటి కాంగోలో, యంబుకు అనే ఊళ్లో ఒక మిషన్ ఆసుపత్రి. ఓపీకీ, వార్డులకీ కలిపి నర్సులకి రోజూ పొద్దున ఇచ్చేది ఐదంటే ఐదు సిరంజీలు, వచ్చే జనమేమో వందల్లో. ఒకరికి వాడిన సూదిని గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో ఓసారి జాడించి పక్కవాళ్లకి పొడిచేవారు, మరిగించడం సాయంత్రం ఎప్పుడో, అదీ అప్పుడప్పుడు. (సిరంజీలు మరిగించే స్టీలు డబ్బా మీ ఇంట్లో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది.) ఎబోలా మొదట్లో ఎక్కువగా పాకింది ఆ సూదులతోనే. 318 మందికి సోకితే 280 మంది పోయారు, ఇంజెక్షన్ వల్ల అంటుకున్నవాళ్లలో ఒక్కరు కూడా బతకలేదు. సిబ్బంది 17 మందిలో 11 మంది చనిపోయి ఆసుపత్రే మూతపడింది, ఆ తర్వాతే జబ్బు తగ్గింది. ఆ నర్సుల్ని తిట్టడానికి నాకైతే నోరు రాదు.

ఇక చేతుల సంగతి. మాలి రాజధాని బమాకోలోని పాయింట్ జి ఆసుపత్రిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అక్కడి చెరకు ఆల్కహాల్‌తోనే హ్యాండ్ రబ్, అంటే నీళ్లు లేకుండా చేతులకి రుద్దుకునే మందు, కలిపించింది. పది లీటర్లకి 96 శాతం ఇథనాల్ 8333 మిల్లీలీటర్లు, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 417, గ్లిజరిన్ 145, మిగతాది కాచి చల్లార్చిన నీళ్లు, అంతే. పెరాక్సైడ్ చేతుల కోసం కాదు, సీసాలో మొండిగా బతికుండే స్పోర్ల (బ్యాక్టీరియా గట్టి బీజాల్లాంటివి) కోసం. అందుకే కలిపాక మూడు రోజులు ఆగి వాడతారు. చేతులు శుభ్రం చేసుకోవాల్సిన సందర్భాల్లో నిజంగా చేసుకున్నవి అంతకుముందు 8 శాతం, తర్వాత దాదాపు 22. ఇంతేనా అని పెదవి విరవకండి, సీసా చేతికందితే పేద దేశపు ఆసుపత్రిలో కూడా అలవాటు కదులుతుందని తేలింది.

రక్తమో మురికో కనబడుతుంటే మాత్రం రబ్ చాలదు, సబ్బూ నీళ్లూ కావాల్సిందే. దానికీ కుళాయే ఉండాలని లేదు. ఘానాలో వెరోనికా బెకో అనే ఆవిడ, ల్యాబ్‌లో అందరూ ఒకే గిన్నెలో చేతులు ముంచడం చూసి, మూతున్న బకెట్‌కి అడుగున ట్యాప్ బిగించి కింద బేసిన్ పెట్టించింది. ఆ బకెట్‌ని ఇప్పటికీ వెరోనికా బకెట్ అనే అంటారు.