బిగ్ బ్యాండ్‌కు అతిథి వస్తున్నారా? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

యూనివర్సిటీ బిగ్ బ్యాండ్‌లలో (పదిహేడు మంది దాకా ఉండే జాజ్ బృందాలు) వాయించేవాళ్ళు, వాటిని నడిపేవాళ్ళు పంపిన ప్రశ్నల్లో ఈసారి ఎక్కువ ఒకే సందర్భానికి చెందినవి: పేరున్న సోలో కళాకారులు ఒకరు వచ్చి బ్యాండ్‌తో కలిసి కచేరీ చేస్తారు, కలిసి సాధన చేసే వీలు మాత్రం ఒక్క పూటే. ఒకే రకం ప్రశ్నలను కలిపేసి జవాబులు రాశాం.

మా బ్యాండ్‌తో వాయించడానికి ఒక ట్రంపెట్ కళాకారిణి వస్తున్నారు. ఆరు వారాల వ్యవధి ఉంది. ఆమె కచేరీకి ముందురోజే దిగుతారు కాబట్టి రిహార్సల్ ఒక్కటే. ముందుగా ఏమేం తేల్చుకోవాలి?
— బ్యాండ్ మేనేజర్‌గా ఉన్న విద్యార్థి

నోట్స్ నేర్చుకునే పని అందులో పెట్టుకోకపోతే ఒక్క రిహార్సల్ చాలు. ఆమె వచ్చేది మీకు చార్ట్ (బ్యాండ్ కోసం రాసిన పాట స్వరలిపి) నేర్పడానికి కాదు.

మొదటి వారంలోనే పాటల జాబితా ఖాయం చేసుకోండి. ఒక్కో పాటకు చార్ట్ ఎవరిది, ఏ కీ (శ్రుతి), ఏ టెంపో (వేగం), సోలోలు ఎక్కడెక్కడ ఎవరివి అన్నది రాసి ఆమెకు పంపి, సరేననిపించుకోండి. పాట పేరొక్కటీ రాస్తే సరిపోదు. ఒకే పాటకు పదిమంది అరేంజర్ల (పాటను బ్యాండ్ కోసం మలిచి రాసేవాళ్ళ) చార్ట్‌లు ఉంటాయి, అరేంజర్ పేరు కూడా రాయాలి. టెంపోను అంకెల్లోనే, అంటే నిమిషానికి ఎన్ని బీట్లని, అడగండి. "మీడియం స్వింగ్" అంటే ఒకరికి 132, ఇంకొకరికి 160.

ఆమె పంపే చార్ట్‌లు అందిన రోజే పార్ట్‌లు (ఒక్కో వాద్యానికి విడిగా రాసిన కాగితాలు) లెక్కపెట్టుకోండి. సాక్సఫోన్లు 5, ట్రంపెట్లు 4, ట్రాంబోన్లు 4, పియానో, గిటార్, బాస్, డ్రమ్స్, మొత్తం 17. కొన్ని చార్ట్‌లలో అయిదో ట్రంపెట్ కూడా ఉంటుంది. ఎక్కువగా కనిపించకుండా పోయేవి గిటార్ పార్ట్, నాలుగో ట్రాంబోన్ పార్ట్. చేత్తో రాసిన పాత పార్ట్‌లలో ఇంకో చిక్కుంది. స్కోర్‌లో (అన్ని పార్ట్‌లూ ఒకేచోట ఉండే ప్రతి) భాగం గుర్తుగా డి అక్షరం ఉన్న చోట పార్ట్‌లో సి ఉంటుంది, లేదా బార్ (నాలుగు బీట్ల గడి) నంబర్లే ఉండవు. రిహార్సల్‌లో "డి నుంచి ఎత్తుకోండి" అనగానే గందరగోళం. ఎవరో ఒకరు స్కోర్ పక్కన పెట్టుకుని 17 పార్ట్‌లూ సరిచూడాలి. చార్ట్ ఫినాలే (స్వరలిపి రాసే సాఫ్ట్‌వేర్) ఫైల్‌గా వస్తే, వేరే సాఫ్ట్‌వేర్లలోనూ తెరుచుకునే మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్ రూపంలోకి కూడా మార్చి పంపమనండి. ఆ సాఫ్ట్‌వేర్ అమ్మకం 2024లో ఆగిపోయింది, మీ దగ్గర తెరుచుకోకపోవచ్చు. ప్రింటు ఒకవైపే తీసి కాగితాలను పక్కపక్కన టేపుతో అతికించండి. రెండువైపులా ప్రింటు తీస్తే పేజీ తిప్పాల్సిన చోటు సరిగ్గా షౌట్ కోరస్ (బ్యాండ్ అంతా గట్టిగా వాయించే ఘట్టం) మధ్యలోకే వస్తుంది.

చాలా బ్యాండ్‌లు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆమె వచ్చేదాకా ప్రతి సాధనలోనూ ఆమె పార్ట్‌ను ఎవరో ఒకరు వాయిస్తూ ఉండాలి. రెండో ట్రంపెట్ విద్యార్థి చాలు. లేకపోతే బ్యాండ్ ఆ ఖాళీకే అలవాటు పడుతుంది. ఖాళీ ఉన్నచోట అందరి శబ్దమూ తమకు తెలియకుండానే పెరుగుతుంది, తీరా ఆమె వచ్చి నిలబడితే ఆమెకు చోటుండదు. కచేరీకి మూడు వారాల ముందు ఫోన్‌లోనైనా సరే రికార్డు చేసి ఆమెకు పంపండి. మీరు తడబడుతున్నది ఎక్కడో ఆమెకు ముందే తెలుస్తుంది.

మూడు గంటల రిహార్సల్‌లో ఎనిమిది చార్ట్‌లంటే ఒక్కోదానికి ఇరవై నిమిషాలకు మించి దక్కదు. సులువైనదొకటి ముందు వాయించి శబ్దం కుదురుకున్నాక, అన్నిటికంటే కష్టమైనదాన్ని రెండోదిగా పెట్టండి. చివరికి నెడితే అప్పటికి పెదవులూ, చెవులూ రెండూ అలసిపోతాయి.

అతిథి సోలో "ఓపెన్" (ఎంతసేపైనా సాగవచ్చు) అని రాసి ఉంటుంది. ఆయన ఎన్ని కోరస్‌లు (పాట మొత్తం ఒక చుట్టు ఒక కోరస్) వాయిస్తారో తెలియదు. బ్యాక్‌గ్రౌండ్ (సోలో వెనక బ్యాండ్ వాయించే భాగం) ఎత్తుకునేసరికి మాలో సగం మంది ముందు, సగం మంది వెనక. దీనికి మార్గమేమిటి?
— టెనర్ సాక్సఫోన్ విద్యార్థి

మీరు ఖాళీ బార్‌లు లెక్కపెడుతున్నారు. అదే పొరపాటు. ఓపెన్ సోలోలో లెక్కపెట్టాల్సింది ఫామ్, అంటే పాట కట్టుబడి. 12 బార్ల బ్లూసా, ఎ-ఎ-బి-ఎ పద్ధతిలో (ఒక భాగం రెండుసార్లు, వేరొకటి, మళ్ళీ మొదటిది) 32 బార్లా అన్నది తెలిస్తే ఇప్పుడు ఏ భాగంలో ఉన్నామో కార్డ్‌లు (కలిసి మోగే స్వరాల గుంపులు) వింటేనే పట్టుబడుతుంది. హార్న్ (ఊదే వాద్యాల) పార్ట్‌లలో ఆ చోట కార్డ్‌లు ఉండవు, గీతలే ఉంటాయి. రిథమ్ సెక్షన్ (పియానో, గిటార్, బాస్, డ్రమ్స్) పార్ట్ చూసి పెన్సిల్‌తో రాసుకోండి. ఇవి రాసిన స్వరం కాక వేరే స్వరం పలికే వాద్యాలు కాబట్టి ఆల్టో, బారిటోన్ సాక్సఫోన్‌లకు ఇ-ఫ్లాట్‌కూ, టెనర్, ట్రంపెట్‌లకు బి-ఫ్లాట్‌కూ మార్చి రాసుకోవాలని మరవద్దు. వేగం 160 ఉంటే 32 బార్ల కోరస్ 48 సెకన్లు, బ్లూస్ కోరస్ 18 సెకన్లు. బ్లూస్‌లో సైగ అందుకోవడానికి దొరికే సమయం ఎంత తక్కువో దీన్నిబట్టే తెలుస్తుంది.

సైగ కోరస్ చివరి నాలుగు బార్లు మొదలయ్యేలోపు రావాలి. రెండు బార్లు మిగిలి ఉండగానే హార్న్‌లు నోటి దగ్గర ఉండాలి. ఆఖరి బార్‌లో చెయ్యెత్తిన నిర్వాహకుడిని నమ్ముకుంటే సెక్షన్ చీలిపోక తప్పదు. ఎక్కువ చోట్ల వాడే సైగలు ఇవి: తలమీద చెయ్యి పెడితే మళ్ళీ హెడ్‌కు (పాట అసలు వరసకు), నాలుగు వేళ్ళు చూపితే నాలుగేసి బార్లు వంతులవారీగా. బిగించిన పిడికిలి దగ్గరే తేడా వస్తుంది. కొందరికి అది "రాసి ఉన్న తర్వాతి భాగానికి వెళ్ళండి", ఇంకొందరికి "ముగింపుకు వెళ్ళండి". అందుకని రిహార్సల్ మొదలయ్యేముందు అతిథిని అడిగి ఒక అర్థం ఖాయం చేసుకోండి. సైగ ఇచ్చేది ఆయనా, నిర్వాహకుడా అన్నదీ అప్పుడే తేలాలి. ఇద్దరూ ఇస్తే ఎవరూ ఇవ్వనట్టే.

బ్యాక్‌గ్రౌండ్‌కు పార్ట్‌లో మెజ్జో ఫోర్టే (ఓ మోస్తరు గట్టిగా) అని ఉన్నా సోలో వెనక ఒక మెట్టు తగ్గించి వాయించాలి. సోలోయిస్టు కింది స్వరాలు మీ హార్న్ మీదుగా మీకు వినబడకపోతే మీరు గట్టిగా వాయిస్తున్నట్టే. ఎంత జాగ్రత్తపడినా ఏదో ఒకరోజు సెక్షన్ చీలుతుంది. అప్పుడు లీడ్ ఆల్టో (సెక్షన్‌ను నడిపే మొదటి ఆల్టో) ఎటు పోతే అటు పోవాలి, లీడ్ తప్పని మీకు తెలిసినా సరే. అయిదుగురూ కలిసి ఒక బార్ ఆలస్యంగా వచ్చారని వినేవాళ్ళకు తెలియదు. ముగ్గురొకవైపు, ఇద్దరొకవైపు అయితే అందరికీ తెలుస్తుంది.

అతిథి సోలో మొదలవగానే మా శబ్దంలో మునిగిపోతున్నారని అంటున్నారు. తగ్గిస్తే వేగం కూడా పడిపోతోంది. నేనేం చేయాలి?
— డ్రమ్స్ వాయించే పాఠకుడు

తగ్గించాల్సింది మీరొక్కరే కాదు, ముందు ఆ మాట మీ రిథమ్ సెక్షన్‌కు వినిపించండి.

బ్యాండ్ అంతా వాయించేటప్పుడు మీ పని ఒకటి, సోలో వెనక ఇంకొకటి. మొదటిదాంట్లో బ్యాండ్ పడే చోటును మీరు ముందుగా చూపాలి. హార్న్‌లు నాలుగో బీట్ తర్వాతి సగంలో పడుతుంటే మీరు నాలుగో బీట్ మీద స్నేర్‌తోనో, బాస్ డ్రమ్‌తోనో ఒక్క దెబ్బ వేస్తే చాలు, పదమూడు మంది ఒక్కసారిగా పడతారు. సోలో వెనక ఈ సెటప్‌లన్నీ మానేయండి. రైడ్ సింబల్ మీద లయ, 2, 4 బీట్ల మీద హై-హ్యాట్, బాస్ డ్రమ్ వినబడీ వినబడనంత మెత్తగా. ఎడమచేతి మాటలు మొదటి కోరస్‌లో వీలైనంత తక్కువ. శబ్దం తగ్గిస్తే వేగం పడిపోవడానికి కారణం, చేతి కదలికతోపాటు బీట్‌ల మధ్య దూరం మీద మనసు కూడా సడలడమే. కర్రను సింబల్‌కు దగ్గరగా ఉంచి, ఎత్తు తగ్గించి, మెట్రోనోమ్ 2, 4 మీద మాత్రమే మోగేలా పెట్టుకుని నెమ్మది శబ్దంతో పది నిమిషాలు వాయించే సాధన దీనికి మందు.

ఇక పియానో, గిటార్. ఇద్దరూ ఒకేసారి కార్డ్‌లు వేస్తుంటే సోలోయిస్టు కాళ్ళకు అడ్డంపడ్డట్టే. కోరస్‌కు ఒకరు చొప్పున పంచుకోండి. లేదా గిటార్ బార్‌కు నాలుగు దెబ్బలకే పరిమితం కావాలి. 1937లో కౌంట్ బేసీ ఆర్కెస్ట్రా అనే పేరున్న బిగ్ బ్యాండ్‌లో చేరిన గిటారిస్టు ఫ్రెడ్డీ గ్రీన్ దశాబ్దాలపాటు చేసిన పని అదే, అదీ యాంప్లిఫైయర్ లేని గిటార్‌తో. పియానిస్టు ఎడమచేత్తో కింది స్వరాలు నొక్కితే బాస్‌తో గుద్దుకుంటాయి, ఆ చెయ్యి మధ్య భాగానికి రావాలి.

బాస్ యాంప్లిఫైయర్ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. యాంప్లిఫైయర్ నుంచి 7 మీటర్ల దూరంలో కూర్చున్న బారిటోన్‌కు బాస్ 20 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. వేగం 200 ఉన్నప్పుడు స్వింగ్‌లోని పొట్టి స్వరం దాదాపు 100 మిల్లీసెకన్లే. అందులో అయిదో వంతు పోతే ఆ చివరివాళ్ళు "ఈడుస్తున్నారు" అని మాట పడతారు. పెద్ద వేదిక దొరికిందని విశాలంగా పరుచుకోకండి, సాధన గదిలో ఎంత దగ్గరగా కూర్చుంటారో వేదిక మీదా అంతే దగ్గరగా కూర్చోండి.

అతిథి గాయని. మా దగ్గరున్న చార్ట్ సి కీలో ఉంది, ఆమెకు ఎఫ్ కావాలట. సాఫ్ట్‌వేర్‌లో ఒక్క మీట నొక్కితే అయిపోదా?
— అరేంజింగ్ నేర్చుకుంటున్న పాఠకురాలు

ఒక టోన్ అటో ఇటో అయితే అయిపోతుంది, ఆ తర్వాత పైనా కిందా అంచులు చూసుకుంటే చాలు. సి నుంచి ఎఫ్ అంటే మాత్రం అయిదు సెమిటోన్లు (అర టోన్లు) పైకైనా వెళ్ళాలి, ఏడు కిందికైనా రావాలి. పైకి వెళ్తే లీడ్ ట్రంపెట్‌కు పార్ట్‌లో హై డి ఉన్నచోట హై జి వస్తుంది. కిందికి వస్తే బారిటోన్ సాక్సఫోన్ అడుగు దాటిపోతుంది. దాని అట్టడుగు స్వరం పార్ట్‌లో ఎ, వినబడేది సి. ట్రాంబోన్‌ల దగ్గర దగ్గర కార్డ్‌లు అంత కింద బురదలా ముద్దకడతాయి. అందుకని ఆమె పాడే భాగాలను ఎఫ్‌లోకి మార్చి, అక్కడ హార్న్‌ల అల్లికను మళ్ళీ రాయండి. మధ్యలో బ్యాండ్ ఒక్కటే వాయించే భాగాన్ని పాత కీలోనే వదిలి, అటూఇటూ నాలుగేసి బార్ల వంతెన కట్టే పద్ధతీ ఉంది. ముందు మాత్రం ఆమె గొంతు పరిధి, ఆ పాటలో పై స్వరం ఎక్కడుండాలో అడగండి. కీ పేరు కంటే ఆ సమాచారమే ఎక్కువ పనికొస్తుంది.

కచేరీ చివరి రెండు పాటలకు లీడ్ ట్రంపెట్ పెదవులు లేవడం లేదు.
— సెక్షన్ లీడర్

పాటల వరస మార్చండి. పై స్వరాలున్న చార్ట్ తర్వాత మ్యూట్‌లతో (శబ్దం మార్చడానికి హార్న్ నోట్లో పెట్టే మూతలు) నడిచేదో, అతిథి రిథమ్ సెక్షన్‌తో మాత్రమే వాయించేదో పెట్టండి. సౌండ్ చెక్‌లో లీడ్ పూర్తి పాటలు వాయించనక్కర్లేదు, గట్టి భాగంలో ఎనిమిది బార్లు చాలు. లీడ్ లైను మరీ పైన లేని చోట్ల నాలుగో ట్రంపెట్‌కు అప్పగించవచ్చు, ఇందులో నామోషీ ఏమీ లేదు. పైగా మ్యూట్ మార్చుకోవడానికి కనీసం రెండు బార్లు ఉన్నాయా అని చూడండి. హడావిడిలో కింద పడ్డ మ్యూట్ మోత రికార్డింగ్‌లో చక్కగా వినబడుతుంది.

రిహార్సల్‌లో 144 అనుకున్న పాటను అతిథి కచేరీలో 132కే లెక్కపెట్టారు. నిర్వాహకుడు సరిదిద్దాలా?
— బ్యాండ్ నిర్వాహకుడు

వద్దు. కౌంట్ ఇచ్చినవారిదే వేగం. 32 బార్లకు తేడా అయిదు సెకన్లే. అసలు ప్రమాదం డ్రమ్స్ ఒకటీ, లీడ్ ట్రంపెట్ ఇంకొకటీ పట్టుకుని మధ్యలో లాక్కోవడం. ఇంకోటి: వేగం తగ్గితే స్వింగ్‌లో పొడుగు, పొట్టి స్వరాల తేడా పెరగాలి, వేగం హెచ్చితే సమానానికి దగ్గరవ్వాలి. అందుకే ఒక్కో చార్ట్‌ను సాధనలో మూడు వేగాల్లో వాయించి ఉంచుకోవాలి.

కచేరీని వీడియోగా పెట్టడానికి అతిథి నోటిమాటగా ఒప్పుకుంటే చాలా?
— నిర్వహణ బృందం సభ్యురాలు

చాలదు. ఆవిడ రాతపూర్వక అనుమతి ఒకటి, పాటల హక్కుదారుల అనుమతి ఇంకొకటి. అమెరికాలో చాలా యూనివర్సిటీలు ఆస్కాప్, బీఎంఐ లాంటి పాటల హక్కుల సంస్థల నుంచి ప్రదర్శన లైసెన్సు తీసుకుని ఉంటాయి. అది వేదిక మీద వాయించడం వరకే. దృశ్యంతో కలిపి పాటను వాడటానికి వేరే అనుమతి కావాలి, ఇచ్చేది ప్రచురణకర్త. హక్కులున్న పాటకు మీరు కొత్తగా అరేంజ్‌మెంట్ రాసినా అడగాల్సింది ఆయన్నే.

కొన్ని యూనివర్సిటీ బ్యాండ్‌లకు గడియారం వేళ పేరుగా ఎందుకుంటుంది?
— ఒక శ్రోత

మీరు విన్నది నార్త్ టెక్సాస్ యూనివర్సిటీ వారి "వన్ ఓక్లాక్ ల్యాబ్ బ్యాండ్" గురించి అయివుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు సాధన చేసే బ్యాండ్ కాబట్టి ఆ పేరు, మిగతా బ్యాండ్‌లకూ వాటి వాటి వేళలే. జాజ్‌లో డిగ్రీ చదువు అక్కడ 1947లోనే మొదలైంది. జాజ్ అంటే చదువుకునేవాళ్ళ విద్య కాదనే రోజులవి, అందుకే ఆ డిగ్రీకి "డాన్స్ బ్యాండ్" అని పేరు పెట్టుకున్నారు.

అతిథి హఠాత్తుగా నన్ను ముందుకు పిలిచి నాలుగేసి బార్లు వంతులు వేసుకుందామంటే ఎలా?
— ఆల్టో సాక్సఫోన్ విద్యార్థిని

మైకు ముందు ఆమెకు ఎడంగా నిలబడండి, మీ హార్న్ మైకుకు ఒక అడుగు దూరంలో, గొట్టం నోరు సూటిగా దానికేసి పెట్టకుండా. 32 బార్ల పాటలో వంతులు ఎనిమిది, ప్రతి కోరస్ ఆమెతోనే మొదలవుతుంది. బ్లూస్‌లో వంతులు మూడే కాబట్టి వరస తిరగబడుతుంది: మొదటి కోరస్ ఆమె, మీరు, ఆమె. రెండోది మీరు, ఆమె, మీరు. చాలామంది ఇక్కడే రెండో కోరస్ మొదట్లో ఎదుటివారి కోసం చూస్తూ నిలబడిపోతారు. మీ మాటను నాలుగో బార్ మూడో బీట్ దగ్గర ముగించండి, అయిదో బార్‌లోకి కాలు పెడితే ఆమె చోటు మీరు తిన్నట్టు. ఆమె వాయించిన చివరి రెండు మూడు స్వరాలనే అందుకుని మొదలుపెడితే ఏం వాయించాలా అనే వెతుకులాట ఉండదు. మధ్యలో డ్రమ్స్‌కు కూడా వంతు ఇస్తే ఆ నాలుగు బార్లూ పియానో, బాస్ ఆగిపోతాయి. అప్పుడు లెక్క మీరే వేసుకోవాలి, పాదంతో గట్టిగా నేలమీద కొట్టకుండా.