కొత్త సీఆర్‌వీ వస్తోందట, ఆగమంటారా?

డాలస్ వచ్చి ఐదు నెలలైన ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, హోండా సీఆర్‌వీ తీసుకుందామనుకుంటున్నాం. ఆఫీసులో మాత్రం కొత్త డిజైన్ వస్తోంది, తొందరపడకు అంటున్నారు. బాబుకి రెండేళ్లు. మార్చిలో అమ్మానాన్న వస్తున్నారు. ఆగితే మంచిదా?"

నేనిక్కడికి వచ్చి 19 ఏళ్లయింది. కారు పేరు మారుతుందేమోగానీ, ఈ ప్రశ్న మాత్రం ఏటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. మనలో కొందరికి సీఆర్‌వీ మీద కాస్త ఎక్కువ మోజే. ఇండియాలో 2003 నుంచి 2020 దాకా అమ్మినప్పుడు అది డబ్బున్నవాళ్ల గేటు ముందు కనిపించే బండి. ఇక్కడేమో డే కేర్‌కీ, ఇండియన్ స్టోర్‌కీ తిరిగే మామూలు బండి.

ముందు లెక్క చూద్దాం. అమెరికాలో సీఆర్‌వీ 1997 మోడల్‌తో మొదలైంది. పూర్తిగా మార్చింది 2002, 2007, 2012, 2017, 2023 మోడళ్లలో. అంటే ఐదేళ్లకోసారి, చివరిసారి మాత్రం ఆరేళ్లకి. ఈ వరస చూస్తే తర్వాతిది 2028 మోడలో, 2029 మోడలో కావాలి. ఇది నా వేళ్ల మీద లెక్కే, కంపెనీ చెప్పిన మాట కాదు. 2026లో వచ్చిన మార్పు చూసి ఇదే కొత్త డిజైన్ అనుకోకండి. అన్ని రకాల్లోనూ 9 అంగుళాల స్క్రీన్ పెట్టారు, ట్రెయిల్‌స్పోర్ట్ అని ఒక హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజన్‌కి తోడు బ్యాటరీ మోటారు ఉండే) రకం కలిపారు. బండి మాత్రం 2023 నాటిదే.

ఆశ పడటానికి కారణం లేదనను. 2027 నుంచి నాలుగేళ్లలో కొత్త తరం హైబ్రిడ్ పద్ధతితో 13 మోడళ్లు ప్రపంచమంతా తెస్తామని, ఇంధన ఆదా 10 శాతానికి పైగా పెరుగుతుందని హోండా 2025 మేలో చెప్పింది. పోటీదారు టొయోటా ర్యావ్4 చూడండి, 2026 మోడల్‌లో మామూలు పెట్రోల్ రకాన్నే తీసేసి అంతా హైబ్రిడ్ చేశారు. కాబట్టి రాబోయే సీఆర్‌వీలో హైబ్రిడ్ వాటా ఇంకా పెరుగుతుందని నా ఊహ. అయితే ఇప్పుడున్న హైబ్రిడ్ తక్కువదా? ముందు చక్రాలే నడిపే రకానికి సర్కారీ లెక్క గ్యాలన్‌కి 40 మైళ్లు. అదే టర్బో పెట్రోల్‌కి 30. మరో పది శాతం కోసం రెండు మూడేళ్లు అద్దె కార్లలో తిరుగుతారా?

కొత్త డిజైన్ మొదటి ఏడాది బండి కొనడమంటే నాకు కొంచెం భయం. 2017లో సీఆర్‌వీ మారినప్పుడు, చలి ఎక్కువుండే చోట్ల 1.5 లీటర్ల టర్బో ఇంజన్‌లో పెట్రోలు వెళ్లి ఆయిల్‌లో కలిసేది. దాంతో హోండా 2017, 2018 బండ్ల ఇంజన్ వారంటీని ఆరేళ్లకు పెంచాల్సి వచ్చింది. 2019లో ర్యావ్4 మారితే, హైబ్రిడ్ రకంలో పెట్రోల్ ట్యాంకు పూర్తిగా నిండక గోల. రెండూ మంచి కంపెనీలే, కొత్త బండి అంటే అంతే. ఇంట్లో పసిపిల్లాడు, ఊరికి కొత్త, ఒక్కటే కారు. అలాంటప్పుడు డీలర్ సర్వీసు చుట్టూ తిరిగే ఓపిక మీకుండదు.

నా కథ కూడా వినండి. ఒకప్పుడు వేరే బండి కోసం ఇలాగే 14 నెలలు ఆగాను. ఇంతలో పాత కారు గేర్‌బాక్స్ హైవే మీద చచ్చింది. కొత్త డిజైన్ దిగిన రెండో వారంలోనే, చేతిలో కారు లేక, డీలర్ అడిగినంతా ఇచ్చేశాను. కిటికీ మీద అసలు ధర స్టిక్కర్, దాని పక్కనే "మార్కెట్ అడ్జస్ట్‌మెంట్" అని ఇంకోటి. మొదటిది 1958 నాటి చట్టం ప్రకారం ఉండాల్సింది. రెండోది డీలర్ సొంత కవిత్వం. నేను ఆ కవిత్వానికి 3,000 డాలర్లు కట్టాను. మా ఆవిడ ఇప్పటికీ గుర్తు చేస్తుంది.

ఆగాల్సిన కారణం మీకొకటి ఉంది, కానీ అది డిజైన్ కాదు, మీ క్రెడిట్, అంటే ఇక్కడ అప్పులు సరిగ్గా తీర్చిన చరిత్ర. ఐదు నెలల చరిత్రకి వడ్డీ ఎక్కువే పడుతుంది. ఉదాహరణకి 30,000 డాలర్ల లోను, 60 నెలలు: 11 శాతానికి నెలకు దాదాపు 652, 6 శాతానికి 580. మొత్తం మీద తేడా 4,300 దాటుతుంది. వీసా గడువు చూసి లోను గడువు తగ్గించే బ్యాంకులు కూడా కొన్ని ఉన్నాయి. కాబట్టి డీలర్ దగ్గర కూర్చోకముందే ఒక క్రెడిట్ యూనియన్‌కి (మన సహకార బ్యాంకు లాంటిది) వెళ్లి రేటు కనుక్కోండి. డీలర్‌తో నెలసరి ఎంత అని మాట్లాడొద్దు, టాక్సులూ ఫీజులూ కలిపి ఔట్ ది డోర్ ధర ఎంతో కాగితం మీద అడగండి. టెక్సస్‌లో బండి మీద సేల్స్ టాక్స్ 6.25 శాతం, అదీ అందులోనే ఉండాలి.

నేనైతే 2024 సీఆర్‌వీ హైబ్రిడ్ సెకండ్ హ్యాండ్‌లో చూస్తాను. ఆకారం ఇప్పటి కొత్తదానిదే, మొదటి ఏడాది తలనొప్పులు తేలిపోయి ఉంటాయి, లోనూ చిన్నదవుతుంది. రేపు కొత్త డిజైన్ వస్తే పాతదాని విలువ కొంత తగ్గుతుందన్నది నిజమే. ఎనిమిదేళ్లు వాడేవాళ్లకి ఆ తేడా పెద్దగా తెలియదు. కానీ వీసా మీద ఉన్నవాళ్లం, ఏడాదికే అమ్మేసి వెళ్లాల్సి రావచ్చు. అప్పుడు తక్కువ పెట్టి కొన్న బండి మీదే తక్కువ పోతుంది. ఏ ఏడాది మోడలో అమ్మేవాడి మాట నమ్మొద్దు, వీఐఎన్‌లో (ప్రతి బండికీ ఉండే గుర్తింపు నంబరు) పదో అక్షరం చూడండి: ఆర్ అంటే 2024, ఎస్ అంటే 2025, టి అంటే 2026. మన దగ్గర తయారైన నెల అడుగుతాం కదా, ఇక్కడ లెక్కంతా మోడల్ ఏడాదే. 2026 మోడల్ 2025లోనే అమ్మకానికి రావచ్చు.

ఇక అమ్మానాన్న సంగతి. ఇండియాలో 2018లో వచ్చిన సీఆర్‌వీ డీజిల్ రకంలో ఏడు సీట్లు ఉండేవి, అందుకే కొందరు ఇక్కడా వస్తాయని ఎదురుచూస్తారు. అమెరికాలో దీనికి అయిదే. మూడో వరస కావాలంటే ఇదే కంపెనీలో పైలట్ ఉంది, కాబట్టి ఇందులో ఇస్తారని నేననుకోను. మీరు, నాన్నగారు ముందు. వెనక బాబు కార్ సీటు, అటు అమ్మగారు, ఇటు మీ ఆవిడ. పడతారు. హ్యూస్టన్ మీనాక్షి గుడి దాకా వెళ్లొచ్చేసరికి ఎవరో ఒకరి నడుం పడుతుంది. రెండో బిడ్డ ఆలోచన ఉంటే ఇప్పుడే మూడు వరసల బండి చూడండి.

టెక్సస్ చట్టం ప్రకారం శని, ఆదివారాలు రెండూ వరసగా కార్లు అమ్మకూడదు, అందుకే డీలర్లు ఎక్కువగా ఆదివారం మూసేస్తారు. ఆ రోజు ఆవరణలో సేల్స్‌వాళ్ల పోరు ఉండదు. తీరిగ్గా తిరిగి స్టిక్కర్లన్నీ ఫోటో తీసుకోండి. మళ్లీ శనివారం బాబు కార్ సీటు వెంట తీసుకెళ్లి, వెనక బిగించి, పక్కన మీ ఆవిడని కూర్చోమనండి. కావాలంటే నేనూ వస్తాను, పది గంటలకి ముందైతే.