మేత ముట్టని పాముపిల్ల గురించి మేనకోడలికి

బుజ్జీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకూ సరిగా నిద్ర పట్టలేదు. పాముపిల్ల వచ్చి 18 రోజులైంది, ఆరుసార్లు ఎలుకపిల్లను పెట్టావు, ఒక్కసారీ ముట్టలేదు. ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. జూలో పాముల దగ్గర 20 ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ని. నీ దగ్గరున్నది బాల్ పైథాన్, కొండచిలువల్లో చిన్న రకం. ఒళ్ళు బాగున్న పిల్ల రెండు మూడు వారాలు తినకపోతే ప్రాణం మీదికి రాదు. అది మొండికేయడం లేదు. భయపడుతోంది, పైగా చలికి ముడుచుకుపోతోంది.

ఆ పాముల సొంత ఊరు పశ్చిమ ఆఫ్రికా, ఘనా, టోగో, బెనిన్ వైపు. పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో దాక్కుని చీకటి పడ్డాక బయటికొస్తాయి. నువ్వు పంపిన ఫోటోలో మూడడుగుల గాజు తొట్టి, ఒక ప్లాస్టిక్ మొక్క, నాలుగు వైపులా వెలుతురు. అరవై గ్రాముల పిల్లకి అది నడిబజారుతో సమానం. నలుగురూ చూస్తున్నచోట అది నోరు తెరవదు.

గాలి ఆడేలా చిల్లులు పెట్టిన, మూత గట్టిగా పట్టే చిన్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చు. చెప్పుల పెట్టె అంత ఉంటే చాలు. అడుగున కడిగి పిండిన కొబ్బరిపొట్టు పరుచు. మీ పెరట్లో పెద్ద కాయలు రెండు కొట్టి, కొబ్బరంతా గీకేసి (మిగిలితే చీమలు పడతాయి), అంచు దగ్గర చిన్న గుమ్మంలా విరిచి, ఒక చిప్ప వేడి వైపు, ఒకటి చల్లటి వైపు బోర్లించు. చుట్ట చుట్టుకుంటే ఒళ్ళు గోడలకు తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. ఎటు వెళ్ళినా గూడు ఉంటే, వెచ్చదనం కోసం భయాన్ని భరించాల్సిన అవసరం ఉండదు.

వేడి సంగతి ఇంకా ముఖ్యం. ఈ పుష్యమాసంలో భీమవరంలో తెల్లవారుజామున ఇంట్లో కూడా చలి పెడుతుంది. పాముకి ఒంట్లో సొంత వేడి ఉండదు, బయటి వేడితోనే తిండి అరగాలి. చలిలో తిన్నది కడుపులో కుళ్ళి కక్కేస్తుంది. డబ్బా కింద మూడో వంతు మాత్రమే హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పట్టీ) రావాలి, దానికి వేడి మించకుండా ఆపే థర్మోస్టాట్ తప్పదు. వేడి వైపు చిప్ప కింద నేల మీద 31, 32 డిగ్రీలు, అవతలి వైపు 26 ఉండాలి. చేత్తో తాకి అంచనా వెయ్యకు, థర్మామీటర్ పెట్టు. కరెంటు పోతే గోరువెచ్చని నీళ్ళ సీసాను తువ్వాల్లో చుట్టి డబ్బా పక్కన ఆనించు.

ఇవన్నీ అమర్చాక వారం రోజులు దాన్ని ముట్టుకోవద్దు. నీళ్ళు మార్చు, అంతే. సంక్రాంతికి పిల్లలంతా వస్తారు, చూపించమని పేచీ పెడతారు. చూపించకు. మైకుల మోత, భోగిమంట పొగ తగలని లోపలి గదిలో ఉంచు.

ఎలుక విషయానికొద్దాం. పొలంలో బుట్టలు పెట్టి పట్టిన ఎలుకలు ఎంత తేలిగ్గా దొరికినా పెట్టొద్దు. ఏ గట్టు మీద ఏ ఎలుకల మందు తిన్నాయో మనకు తెలియదు. పెంపకందారు దగ్గర కొన్న, చంపి గడ్డకట్టించిన తెల్ల ఎలుకపిల్లే కావాలి. పాము ఒంట్లో లావైన చోటుకన్నా లావు ఉండకూడదు. మీ అమ్మ ఫ్రిజ్‌లో పెట్టనివ్వదంటున్నావు, అది న్యాయమే. సెకండ్ హ్యాండ్‌లో చిన్న ఫ్రీజర్ ఒకటి తీసుకో, డబ్బులు నేను పంపిస్తాను.

బాల్ పైథాన్ పెదవి వెంట ఉండే చిన్న గుంటలు వేడిని పసిగడతాయి. చల్లటి ఎలుక దాని లెక్కలో ఎలుకే కాదు. అందుకే గడ్డ పూర్తిగా కరిగాక, కవర్లో పెట్టి వేడినీళ్ళలో ముంచి, ఒంటి మీద 38 డిగ్రీలకు తీసుకురా. మైక్రోవేవ్‌లో పెట్టకు. తల భాగం ఇంకాస్త వెచ్చగా ఉంటే మంచిది. రాత్రి ఎనిమిది దాటాక లైటు తీసేసి, పొడవాటి పట్టకారుతో చిప్ప గుమ్మం ముందు మెల్లగా కదుపు. ముక్కు మీద పొడవకు. మెడ వంకీ తిప్పి వెనక్కి లాగిందంటే కాటుకి సిద్ధమవుతోంది, నువ్వు కదలకు. అయిదు నిమిషాల్లో అందుకోకపోతే అక్కడే వదిలేసి తలుపు వేసుకుని వచ్చెయ్. పొద్దున మిగిలితే పారెయ్. మళ్ళీ ఆరు రోజుల దాకా పెట్టకు. మూడు రోజులకోసారి పెట్టి నువ్వు చేసిన తప్పు అదే. కళ్ళు తెల్లగా మసకబారితే కుబుసం విడవబోతోందని, అది అయ్యేదాకా ఆగు.

అప్పటికీ వద్దంటే, బతికున్న ఎలుకలు పడుకున్న పొట్టులో ఈ ఎలుకపిల్లను దొర్లించి చూడు, వాసన పనిచేస్తుంది. బతికున్న ఎలుకను మాత్రం లోపల వదిలేసి రావద్దు. పాము వీపు కొరికేస్తుంది.

నోరు తెరిచి బలవంతంగా కుక్కడం మాత్రం చెయ్యకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తొందరపడి నేనే ఒక కొండచిలువ పిల్లకి అలా తినిపించాను. మర్నాడు కక్కింది, నాలుగో రోజు పోయింది. అది చేతిలో మెత్తగా వేలాడటం ఇప్పటికీ గుర్తుంది. ఆ పని అవసరమైతే పాములు తెలిసిన వెటర్నరీ డాక్టరే చెయ్యాలి.

మా అమ్మ పాలు పెట్టమంటోందట. నాగుల చవితికి పుట్టలో పాలు పోసిన చెయ్యి కదా, ప్రేమతోనే అంటుంది. పాములకి పాలు అరగవని మెల్లగా చెప్పు. నేనూ ఫోన్ చేస్తాను.

వారానికోసారి గ్రాముల కాటాలో తూచి పుస్తకంలో రాయి. ఇప్పుడున్న బరువులో పదో వంతు తగ్గినా, నోట్లో నురగ కనిపించినా, ఊపిరిలో గురక వినిపించినా ఇక ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో దాన్ని నమోదు చేసిన కాగితం కూడా పట్టుకెళ్ళు. అదే మన చేలల్లో దొరికే జెర్రిగొడ్డు పిల్లయి ఉంటే ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని ఇంట్లో పెంచకూడదు, ఫారెస్టు వాళ్ళకి అప్పగించమనేవాణ్ని.

డబ్బా ఈ రోజే మార్చి ఫోటో పంపు, చిప్పలు ఎక్కడ పెట్టావో కనిపించాలి. వచ్చే బుధవారం రాత్రి ఎలుకపిల్లను పెట్టి, గురువారం ఎంత పొద్దున్నే అయినా సరే నాకు ఫోన్ చెయ్యి.

నీ మావయ్య