కెనడాలో చదువయ్యాక ఏ వర్క్ పర్మిట్ పెట్టుకోవాలి?

భీమవరం, అమలాపురం, కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ చదువు ముగిస్తున్న పిల్లలు ఎక్కువగా అడిగేది ఒకటే. పీజీడబ్ల్యూపీ (చదువు ముగించినవాళ్లకి ఇచ్చే వర్క్ పర్మిట్) పెట్టాలా, ఎల్ఎంఐఏ (విదేశీయుణ్ని పనిలో పెట్టుకోవడానికి ఓనరు తెచ్చే ప్రభుత్వ కాగితం) ఇచ్చే ఓనర్ని వెతుక్కోవాలా? పీజీడబ్ల్యూపీకి అర్హత ఉంటే ఇంక ఆలోచించక్కర్లేదండీ, అదే పెట్టండి. అది ఓపెన్ పర్మిట్. ఏ ఊళ్లోనైనా, ఏ కంపెనీలోనైనా, ఒకేసారి రెండు చోట్లయినా పని చేసుకోవచ్చు. ఓనరు సతాయిస్తే మర్నాడే మానేయొచ్చు.

కాకపోతే జీవితంలో ఒక్కసారే ఇస్తారు. ఏడాది సర్టిఫికెట్ కోర్సుకి వాడేశాక మాస్టర్స్ చేసినా రెండోది రాదు. ఇంకో కోర్సు చదివే ఉద్దేశం ఉంటే అదీ అయ్యాకే పెట్టడం మేలు. రెండూ అర్హత ఉన్నవై, ఒక్కొక్కటి కనీసం 8 నెలలదైతే కాలం కలుపుతారు. 8 నెలల నుంచి 2 ఏళ్ల లోపు కోర్సుకి కోర్సు ఎంత కాలమో పర్మిట్ అంత కాలం. 2 ఏళ్లు, ఆపైన అయితే 3 ఏళ్లు. మాస్టర్స్ అయితే 8 నెలలదైనా 3 ఏళ్లు ఇస్తారు, ఈ వెసులుబాటు 2024 ఫిబ్రవరి 15న వచ్చింది. పాస్‌పోర్ట్ గడువు దాటి మాత్రం పర్మిట్ ఇవ్వరు. పాస్‌పోర్ట్‌కి ఏడాదే మిగిలి ఉంటే ముందు బీఎల్ఎస్‌లో (ఇక్కడ ఇండియా పాస్‌పోర్ట్ దరఖాస్తులు తీసుకునే కేంద్రం) కొత్తది తీసుకోండి. మిగతా కాలం తర్వాత అడగొచ్చు గానీ ఆ తిరుగుడు ఎందుకు?

ఇంగ్లిష్ పరీక్ష దగ్గర చాలామంది బోల్తా పడుతున్నారు. 2024 నవంబర్ 1 నుంచి పెట్టే దరఖాస్తులకు భాషా ఫలితం జతచేయాలి. యూనివర్సిటీ డిగ్రీ వాళ్లకి సీఎల్‌బీ (కెనడా వాళ్ల భాషా స్థాయి కొలమానం) 7, కాలేజీ డిప్లొమా వాళ్లకి సీఎల్‌బీ 5. వచ్చేటప్పుడు రాసిన ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ ఇక్కడ పనికిరాదు. జనరల్ ట్రైనింగ్ కావాలి, లేదా సెల్పిప్ జనరల్, లేదా పీటీఈ కోర్. ఐఈఎల్‌టీఎస్‌లో సీఎల్‌బీ 7 అంటే వినడం, చదవడం, రాయడం, మాట్లాడడం నాలుగింటిలోనూ 6 రావాలి, ఓవరాల్ 6.5 వచ్చి రైటింగ్‌లో 5.5 ఉంటే లాభం లేదు. ఫలితానికి రెండేళ్లు దాటకూడదు. ఆఖరి సెమిస్టర్ మొదట్లోనే రాసేస్తే, ఒకసారి తప్పినా మళ్లీ రాసే టైముంటుంది. ఆ నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కి దరఖాస్తు చేసి డిప్లొమా చదివేవాళ్లు తమ కోర్సు కోడ్ అర్హత జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. బ్యాచిలర్స్, మాస్టర్స్, పీహెచ్‌డీలకు ఆ జాబితా బెడద లేదు.

ఇప్పుడు అసలు చిక్కు తేదీలది. దరఖాస్తుకి 180 రోజులు ఉన్నాయని అందరికీ తెలుసు. ఎప్పటినుంచి? కాన్వొకేషన్ నుంచి కాదు. కోర్సు పూర్తయిందని కాలేజీ మొదటిసారి లెటర్ ద్వారానో ఫైనల్ మార్కుల ద్వారానో తెలిపిన రోజు నుంచి. అదే రోజు నుంచి 90 రోజులకి స్టడీ పర్మిట్ చెల్లకుండా పోతుంది, కార్డు మీద ఇంకో ఏడాది గడువు కనిపిస్తున్నా సరే. అందుకని మీ లెక్కలో 180 కొట్టేసి 90 వేసుకోండి. ఇంకా మంచిది, లెటర్ వచ్చిన వారంలోనే పెట్టేయడం. ఎందుకంటే చదువుకునేటప్పుడు ఉన్న వారానికి 24 గంటల పని హక్కు కోర్సు పూర్తయిన రోజుతో పోతుంది. లెటర్ వచ్చాక దరఖాస్తు పెట్టేదాకా బంకులో ఒక్క షిఫ్ట్ చేసినా అనుమతి లేని పనే. స్టడీ పర్మిట్ చెల్లుతుండగా పెట్టేస్తే మాత్రం, షరతులన్నీ పాటించినవాళ్లు జవాబు వచ్చేదాకా ఫుల్‌టైమ్ చేసుకోవచ్చు. మొత్తం ఫీజు 255 డాలర్లు. అందులో 155 పర్మిట్‌ది, 100 ఓపెన్ పర్మిట్‌ది. నర్సింగ్ వాళ్లు, డేకేర్‌లో చేరాలనుకునేవాళ్లు మెడికల్ పరీక్ష కూడా చేయించుకోండి. లేకపోతే ఆసుపత్రుల్లో, పిల్లల దగ్గర పనిచేయకూడదని పర్మిట్ మీదే రాసి ఇస్తారు.

ఇక ఎల్ఎంఐఏ. దేశంలో ఆ పనికి మనిషి దొరకలేదని ఓనరు ప్రభుత్వం దగ్గర తెచ్చుకునే కాగితం అది. ఆ కాగితమే పర్మిట్ కాదు, దాన్ని పట్టుకుని మీరు పర్మిట్‌కి దరఖాస్తు చేయాలి, ఆ పనిలో అనుభవం చూపలేకపోతే తిరస్కరిస్తారు కూడా. వచ్చే పర్మిట్ మీద ఓనరు పేరు, పని, ఊరు అచ్చయి ఉంటాయి. అదే ఓనరు పక్క ఊళ్లో పెట్టిన ఇంకో హోటల్‌కి రమ్మన్నా పర్మిట్ ఒప్పుకోకపోతే వెళ్లకూడదు. 1,000 డాలర్ల ఫీజు ఓనరే కట్టాలి, మీ దగ్గర వసూలు చేయడం నేరం. చెరువు లీజు డబ్బో, కొబ్బరితోట తనఖా పెట్టిన డబ్బో తెచ్చి లక్షలు పోసి కొనే ఎల్ఎంఐఏ గురించి ఇంట్లో పెద్దవాళ్లకి ఇది గట్టిగా చెప్పండి. పీఆర్ (శాశ్వత నివాసం) ఎంపికలో 50 పాయింట్లు కలుస్తాయని అమ్మేవాళ్లు ఇప్పటికీ చెబుతున్నారు. ఉద్యోగ ఆఫర్ పాయింట్లు 2025 మార్చి 25న తీసేశారు. నిరుద్యోగం 6 శాతం, అంతకు మించి ఉన్న పెద్ద నగరాల్లో తక్కువ జీతం ఉద్యోగాలకు ఎల్ఎంఐఏ దరఖాస్తులే తీసుకోవడం లేదు, కొన్ని రంగాలకు తప్ప. పీజీడబ్ల్యూపీ అయిపోవస్తున్నవాళ్లకి, నిజంగా మనిషి అవసరమున్న ఓనరు దొరికితే అప్పుడది దారే.

ఓపెన్ పర్మిట్ చేతిలో ఉంది కదా అని ఏ పనైనా చేస్తూ కూర్చుంటే పీఆర్‌కి అక్కరకు రాదు. ఇక్కడి పని అనుభవంతో పీఆర్ ఇచ్చే కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాస్‌కి టీర్ (ఉద్యోగాల స్థాయి, 0 అన్నిటికన్నా పైది, 5 కిందిది) 0 నుంచి 3 లోపు పని కావాలి. మూడేళ్లలో 1,560 గంటలు, అదీ వారానికి 30 గంటల చొప్పునే లెక్క. వారానికి 60 గంటలు చేసి ఆరు నెలల్లో ముగిస్తామంటే కుదరదు. క్యాషియర్, గోడౌన్‌లో సరుకు ఎత్తే పని టీర్ 5, లెక్కలోకి రావు. కుక్ టీర్ 3, ఫుడ్ సర్వీస్ సూపర్‌వైజర్ టీర్ 2. ఉద్యోగం పేరు ఒక్కటీ మారిస్తే చాలదు, అనుభవ పత్రంలో చేసిన పనులు, గంటలు, జీతం ఆ ఉద్యోగం కోడ్‌కి సరిపోవాలి.

భార్యకో భర్తకో ఓపెన్ పర్మిట్ కావాలంటే 2025 జనవరి 21 నుంచి నిబంధన బిగించారు. మీది టీర్ 0 లేదా 1 ఉద్యోగమై ఉండాలి, లేదా 2, 3లో ఎంపికచేసిన వాటిలో ఒకటి. వాళ్లు దరఖాస్తు చేసేనాటికి మీ పర్మిట్‌లో కనీసం 16 నెలలు మిగలాలి. పెళ్లి మాటలు నడుస్తుంటే ముహూర్తంతోపాటు ఈ లెక్క కూడా చూసుకోండి మరి.

పీఆర్‌కి పెట్టాక పర్మిట్ ముగిసేలా ఉంటే జవాబు వచ్చేదాకా పని చేసుకోనిచ్చే బ్రిడ్జింగ్ ఓపెన్ పర్మిట్ ఉంది. పీఆర్‌కి దరఖాస్తు చేసుకోమని ఆహ్వానం వచ్చినంత మాత్రాన చాలదు. పూర్తి దరఖాస్తు సమర్పించి, అందిందన్న లెటర్ చేతికి రావాలి, అప్పటికి పాత పర్మిట్ బతికుండాలి. ఇంకోటి, వర్క్ పర్మిట్ వీసా కాదు. పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు దాటిపోయి ఉంటే సంక్రాంతికి ఇంటికి వెళ్లేవాళ్లు తిరుగు ప్రయాణానికి కొత్త వీసా తీసుకోవాలి, దానికి 100 డాలర్లు. ఆ టైము కూడా కలుపుకునే సెలవు పెట్టండి.