ఫోనుతో వచ్చిన యాప్‌లను ఆపాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

కొత్త ఫోనులో నువ్వు ఒక్కటీ దించుకోకముందే నలభై దాకా యాప్‌లు ఉన్నాయనీ, సగం నీకెందుకూ పనికిరావనీ, తీసేయవచ్చా అనీ అడిగావు. విశాఖలో జగదాంబ కూడలి దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఫోన్లు బాగుచేస్తున్నవాడిగా నేరుగా చెబుతాను: తీసేయి. నీ డబ్బుతో కొన్న ఫోనులో అక్కరలేనిది కూర్చుని నీ బ్యాటరీనీ డేటానీ తినాల్సిన పని లేదు. 2022 అక్టోబరులో, వ్యాపారాల్లో పోటీ న్యాయంగా ఉందా అని చూసే కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేయడానికి ఉన్న కారణాల్లో, తన యాప్‌లను ముందే ఎక్కించి ఇవ్వాలని ఫోను కంపెనీలకు అది పెట్టిన షరతు కూడా ఒకటి.

ముందు యాప్ గుర్తును నొక్కి పట్టుకో. 'అన్‌ఇన్‌స్టాల్' అని వస్తే తీసేయడమే. ఆటలు, షాపింగ్ యాప్‌లు చాలావరకు అలాగే పోతాయి. రాకపోతే సెట్టింగ్స్‌లోని యాప్‌ల జాబితాలో దాన్ని తెరిచి 'డిసేబుల్' నొక్కు. యాప్ ఫోనులోనే ఉంటుంది కానీ వెనకాల నడవదు, నోటిఫికేషన్లు పంపదు. కావాలనుకున్న రోజున అక్కడే 'ఎనేబుల్' నొక్కితే తిరిగి వస్తుంది. 'ఫోర్స్ స్టాప్' దీనికి బదులు కాదు. అప్పటికి ఆగినా, ఆ యాప్ మళ్లీ లేవవచ్చు.

స్టోరేజి మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకు. కంపెనీ ఎక్కించిన అసలు యాప్ ఉండే చోటు నీ ఫోటోలకు దక్కదు. తర్వాత వచ్చిన అప్‌డేట్లు తిన్న చోటే తిరిగి వస్తుంది. అప్‌డేట్లు తీసేసేటప్పుడు యాప్‌లో దాచుకున్నది కూడా చెరిగిపోతుంది కనుక, నోట్స్ యాప్‌లో ఏమైనా రాసుకుని ఉంటే ముందు వేరేచోటికి ఎక్కించుకో.

ఒకేసారి ఇరవై ఆపకు. రెండు ఆపి, ఫోను రీస్టార్ట్ చేసి, రెండు రోజులు వాడి చూడు. కాల్, మెసేజి, కెమెరా, బ్యాంకు యాప్ సరిగ్గా పనిచేస్తుంటే తర్వాతి రెండూ ఆపు. ఏదైనా తేడా వస్తే దేనివల్ల వచ్చిందో అప్పుడే తెలుస్తుంది.

పేరు అర్థం కానిదాన్ని అసలే తాకకు. గూగుల్ ప్లే సర్వీసెస్ ఆపితే సగం యాప్‌లు మొరాయిస్తాయి. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అని ఇంకొకటి ఉంటుంది. హోమ్ తెరమీద దానికి ఏ గుర్తూ ఉండదు కనుక పనికిరానిదని అనిపిస్తుంది. మిగతా యాప్‌లు తమలోపల వెబ్ పేజీలు చూపించేది దాని ద్వారానే. 2021 మార్చిలో దాని అప్‌డేట్ ఒకటి చెడి వస్తే జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూతపడ్డాయి. ఆ రెండు రోజులూ దుకాణం ముందు జనం నిలబడే ఉన్నారు.

కీబోర్డు సంగతి మీ అత్తయ్య ఫోనుతో తెలిసొచ్చింది. ఉన్న ఒక్క కీబోర్డునూ తొందరలో డిసేబుల్ చేశాను. ఆమె లాక్‌కు అక్షరాల పాస్‌వర్డు పెట్టుకుంది. రీస్టార్ట్ చేశాక కొట్టడానికి తెరమీద అక్షరాలే లేవు. కంప్యూటర్ కీబోర్డును ఓటీజీ కేబులుతో తగిలించి తెరవాల్సి వచ్చింది. ఇంకొక కీబోర్డు పెట్టుకుని, అది పనిచేస్తోందని చూసుకున్నాకే పాతదాన్ని ఆపు.

అన్నింటికన్నా గట్టిగా చెప్పేది 'వైర్‌లెస్ ఎమర్జెన్సీ అలర్ట్స్' గురించి. 2023లో ఫోన్లన్నీ ఒక్కసారిగా పెద్ద శబ్దంతో మోగాయి, గుర్తుందా? ప్రభుత్వం పరీక్షగా పంపిన హెచ్చరిక అది. ఆ హెచ్చరిక టవరు నుంచి నేరుగా వస్తుంది, ఇంటర్నెట్టు అక్కరలేదు. ఉలిక్కిపడ్డామని చాలామంది దాన్ని ఆపేయమని నా దగ్గరికి తెచ్చారు. నేను ఆపలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫానును చూసిన ఊరు మనది. సముద్రం పక్కన ఉంటూ ఆ హెచ్చరికను మూసుకోవద్దమ్మా.

కంప్యూటర్‌కు తగిలించి ఆదేశాలతో అన్నీ పీకేస్తానని మీ తమ్ముడు అన్నాడట. వద్దను. తప్పు యాప్ పోతే ఫోను కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోవచ్చు, దాన్ని దారికి తేవాలంటే లోపలున్నదంతా చెరిపేయాల్సి రావచ్చు.

మీ అమ్మ ఫోనులో దేన్నైనా ఆపేముందు ఆమెనే అడుగు. నీకు అక్కరలేదనిపించిన ఆ గ్యాలరీ యాప్‌లోనే ఆమె రోజూ మీ తాతయ్య ఫోటోలు చూసుకుంటుంది.

మీ మామయ్య