పిల్లల 'నీటి సమస్య' ప్రాజెక్టుకు సమాధానం

మేడమ్, చిత్తూరులో మీ తొమ్మిదో తరగతి పిల్లలు 'నీటి సమస్య' ప్రాజెక్టు అంటే గూగుల్ నుంచి నాలుగు పేజీలు దించేసి ఇచ్చారని రాశారు. తప్పు పిల్లలది కాదు, అంశం మరీ పెద్దది. తిరుపతిలో నాకూ మొదటి ఏడాది అదే జరిగింది.

'మా వీధికి కుళాయి నీళ్లు ఎన్ని రోజులకోసారి, ఎంతసేపు వస్తున్నాయి?' అని కుదించండి. ఒక్కొక్కరు పది ఇళ్లు తిరిగి రాసుకురావాలి. ట్యాంకరు ఖర్చు అమ్మల్ని అడగమనండి, ఆ లెక్క వాళ్ల దగ్గరే ఉంటుంది.

అంకెల దగ్గర జాగ్రత్త. 2011 జనాభా లెక్కల్లోని చిత్తూరు జిల్లా వేరు, ఇప్పటిది వేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది. అప్పుడు కొత్తగా ఏర్పడ్డ తిరుపతి జిల్లాలోకి గూడూరు, సూళ్లూరుపేట లాంటి నెల్లూరు ప్రాంతాలూ వచ్చాయి. పాత, కొత్త అంకెలు పక్కపక్కన పెట్టి 'చిత్తూరు జనాభా తగ్గిపోయింది' అని నా విద్యార్థి ఒకడు రాశాడు. ఎందుకు తగ్గిందో వాణ్ణే వెతకమన్నాను. మ్యాపులు ముందేసుకుని కూర్చున్న ఆ గంటలో వాడు నేర్చుకున్నది, నేను నెల రోజులు చెప్పినా వచ్చేది కాదు.

దొరకని సమాచారానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. దరఖాస్తు పిల్లలు రాయాలి, సంతకం మీరు పెట్టండి. జవాబుకు మామూలుగా 30 రోజుల గడువు, అందుకే మొదటి వారంలోనే పంపేయండి.

'ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి' అనే వాక్యం మాత్రం ఒప్పుకోకండి. ఏ ఆఫీసు చేయాలి, డబ్బు ఎక్కడి నుంచి రావాలి, దానివల్ల ఎవరికి ఇబ్బంది? ఇవి రాసేదాకా పేపరు వెనక్కి ఇచ్చేయండి.